పదికి పది, మారు మాత్రం వద్దు

క్రెయిగీబర్న్‌లో పిల్లల పళ్ళకు ఉచితంగా వైద్యం చేసే చిన్న క్లినిక్కు ఒకటుంది. చేతిలో డబ్బు ఆడనివాళ్ళూ, వీసాల మధ్య వేలాడేవాళ్ళూ, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళూ పిల్లల్ని అక్కడికి తీసుకొస్తారు. వాళ్ళందరికీ ముందుగా కనిపించేది, అంతకన్నా ముందుగా వినిపించేది, బల్ల వెనక కూర్చున్న భ్రమరాంబ. ఆవిడది ఆకివీడు. మనిషి ఆస్ట్రేలియా వచ్చి చాలా ఏళ్ళయింది కానీ గొంతు మాత్రం ఇంకా ఆకివీడులోనే ఉంది.

భ్రమరాంబ మంచిది. అది మొదటే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు వేరేగా అనుకోకూడదు. నోరు కాస్త పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. చిక్కల్లా ఏమిటంటే నోరు పరిగెత్తుకుంటూ ముందొచ్చేస్తుంది, మనసు వెనకాల తీరిగ్గా వస్తుంది.

ఆవిడ ఉద్యోగంలో ఆవిడకు బాగా ఇష్టమైన పని ఒకటుండేది. క్లినిక్కుకి వచ్చి వెళ్ళిన ప్రతి కుటుంబానికీ ఫోన్ చేసి, మీకు తృప్తిగా ఉందా, పదికి ఎన్ని మార్కులు వేస్తారు అని అడగాలి. క్లినిక్కు నడవడానికి డబ్బులిచ్చే పెద్దలకు ఆ మార్కులు కావాలట. భ్రమరాంబ అడిగే తీరు ఇలా ఉండేది.

“హలో, సృజనా? నేనమ్మా, భ్రమరాంబ ఆంటీని, క్లినిక్కు నుంచి. బాబుకి నొప్పి తగ్గిందా? తగ్గకేం, మా డాక్టర్ చెయ్యి అలాంటిది. అంతా బాగుంది కదా? పది వేసేస్తున్నా మరి.”

“ఆ... అలాగే ఆంటీ.”

“ఇంకా ఏమైనా చెప్పాలా? ఏం లేదు కదా? ఉంటానమ్మా, జాగ్రత్త.”

పెళ్ళి భోజనాల్లో ఆడపిల్ల తండ్రి విస్తరి ముందు చేతులు కట్టుకుని నిలబడి “పులిహోర ఎలా ఉందండీ?” అని అడిగితే, ఉప్పెక్కువైందని ఏ మొహం పెట్టుకుని చెప్తాం చెప్పండి! ఇదీ అంతే. తెలుగువాళ్ళూ, పంజాబీలూ, నేపాలీలూ, ఎవరైతేనేం, అందరూ పదికి పది ఇచ్చేవారు.

“చూశారా, మళ్ళీ అందరూ పదే!” అని ఇంటికొచ్చి మొగుడికి చెప్పుకునేది. ఆయన పేరు సత్యనారాయణమూర్తి, బస్సు నడుపుతాడు. 

“నువ్వడిగితే నేనూ పదే ఇస్తానే” అనేవాడాయన, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. భ్రమరాంబ దాన్ని మెచ్చుకోలుగా తీసుకునేది.

ఇక క్లినిక్కు హాల్లో ఆవిడ హడావిడి చూడాలి. జ్యూసు డబ్బా పట్టుకుని ఏ పిల్లాడైనా లోపలికొచ్చాడా, అయిపోయాడే. “ఏంట్రా ఇదీ? పళ్ళ డాక్టరు దగ్గరికి చక్కెర నీళ్ళు తాగుతూ వస్తావా?” అని లాక్కుని పక్కన పెట్టేసేది. తర్వాత ఆ పిల్లాడి తల్లికి అందరూ వినేలా పాఠం చెప్పేది. అదంతా ప్రేమే. పరాయివాళ్ళయితే నవ్వి ఊరుకుంటాం, మనవాళ్ళయితేనే కదా కసురుతాం అన్నది ఆవిడ సిద్ధాంతం. ఆకివీడులో అది బాగానే చెల్లుబాటయింది.

ఆవిడ పక్కింట్లో మరీసోల్ అని కొలంబియా దేశం నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. తెల్లవారకముందే లేచి ఆఫీసులు తుడిచే పనికి వెళ్ళేది. మొగుడు ఇళ్ళు కట్టే పనిలో ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. మటేయో అని ఎనిమిదేళ్ళ కొడుకు. భ్రమరాంబకీ మరీసోల్‌కీ తలా సగం ఇంగ్లీషు వచ్చు, రెండు సగాలూ కలిస్తే ఒక మాట పూర్తయ్యేది. వాళ్ళ మాటలు నేను తెలుగులోనే చెప్పేస్తాను, లేకపోతే ఈ కథ ఇవాళ్టికి తెమలదు.

ఆ రెండిళ్ళ మధ్యా ఒక స్టీలు డబ్బా తిరుగుతుండేది. కొత్తగా వచ్చారు కదా పాపమని భ్రమరాంబ మొదట అందులో గోంగూర పచ్చడి పెట్టి పంపింది. ఒకరు గిన్నె పంపితే దాన్ని ఖాళీగా తిప్పి పంపకూడదని మనకో పట్టింపు ఉంది చూశారూ, అది కొలంబియాలో కూడా ఉన్నట్టుంది. మరీసోల్ ఆ డబ్బాలో అరేపాలు పెట్టి పంపింది. అరేపా అంటే మొక్కజొన్న పిండితో మన దిబ్బరొట్టెలా మందంగా కాల్చింది. ఉప్పు ఉందో లేదో తెలీదు, కారం మాట దేవుడెరుగు. భ్రమరాంబ ఒక ముక్క కొరికి, నమిలి, మింగలేక, ఆ పూటకు దణ్ణం పెట్టేసింది. మిగతావి పెరట్లో మాగ్‌పై పిట్టలకు వేసింది. కానీ డబ్బా ఖాళీగా పంపకూడదు కదా, మళ్ళీ గోంగూర పెట్టింది. 

“పచ్చడి ఎలా ఉంది?” 

“అద్భుతం! మరి అరేపాలు?” 

“సూపర్!” 

ఇలా ఇద్దరూ ఎన్నాళ్ళో కానిచ్చారు. మాగ్‌పైలు బాగా బలిశాయి.

ఒకనాడు మటేయో ఫెన్సు దగ్గర బుగ్గ పట్టుకుని నిలబడటం భ్రమరాంబ కంట పడింది. “పన్ను నొప్పా? అయ్యో నాన్నా! మా క్లినిక్కుండగా నీకేంటి, పైసా అక్కర్లేదు” అని తానే దగ్గరుండి తల్లినీ కొడుకునీ తీసుకెళ్ళింది. డాక్టర్ లిన్ అని వియత్నాం వాళ్ళమ్మాయి, పుట్టింది ఇక్కడే, పిల్లలతో గుసగుసగా మాట్లాడుతుంది. పళ్ళన్నీ చూసి, బయటికొచ్చి మరీసోల్‌కి నెమ్మదిగా చెప్పింది. ఐదు పళ్ళు పుచ్చాయి, నాలుగు పాలపళ్ళే, పర్వాలేదు. ఐదోది మాత్రం కొత్తగా వచ్చిన దవడ పన్ను, పోతే మళ్ళీ రాదు. ఇవాళ్టికి తాత్కాలికంగా మందు పెట్టి మూశాను, మళ్ళీ తీసుకొస్తే గట్టిగా కడతాను అంది.

ఆ గుసగుస భ్రమరాంబ చెవిన పడింది. ఇక ఆగుతుందా!

“ఐదు పళ్ళా! అయ్యో, అయ్యో! ఏం పెడుతున్నావ్ మరీసోల్ పిల్లాడికి? రాత్రిళ్ళు పళ్ళు తోమించవా? తల్లివి నువ్వే చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు?”

హాల్లో ఉన్న తల్లులందరూ తలలెత్తి చూశారు. మరీసోల్ నవ్వింది. నవ్వి, కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. చూశారా, ఎంత బాగా తీసుకుందో అనుకుంది భ్రమరాంబ. మర్నాడు ఫోన్ చేస్తే మరీసోల్ “పది. పదకొండుంటే పదకొండు” అంది కూడాను.

కొన్ని వారాలు గడిచాయి. డాక్టర్ లిన్ ఒక మధ్యాహ్నం బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆవిడ భ్రమరాంబను బ్రామ్ అంటుంది, ఇక్కడివాళ్ళు ఎంత పేరునైనా ఒక గుక్కలో అయ్యేలా కత్తిరించేస్తారు.

“బ్రామ్, అందరూ మనకు పదే ఇస్తున్నారు. మరి రెండోసారి ఎందుకు రావట్లేదు?”

“వస్తారు డాక్టరూ, పనుల్లో ఉండుంటారు.”

“సగం మంది రాలేదు. మటేయో రాలేదు. ఆ మందు ఎన్నాళ్ళో నిలవదు. స్కూలు సెలవులు అయ్యేలోపల తీసుకురాకపోతే ఆ పన్ను పీకెయ్యడం తప్ప నేను చెయ్యగలిగింది ఉండదు. ఎనిమిదేళ్ళకే దవడ పన్ను పోవడం చాలా అన్యాయం.”

భ్రమరాంబ వెంటనే ఫోన్ చేసింది. మరీసోల్ “తప్పకుండా, రేపే” అంది. రేపు రాలేదు. మళ్ళీ చేస్తే కారు పాడైందంది. ఇంకోసారి చేస్తే జలుబంది. పక్కింటి కారు నిక్షేపంగా తిరగడం భ్రమరాంబ కళ్ళారా చూస్తూనే ఉంది. పిల్లాడేమో ఫెన్సు అవతల ఒక పక్కతోనే బిస్కెట్టు నములుతున్నాడు.

ఆ శనివారం పొద్దున తలుపు తీస్తే గుమ్మం ముందు స్టీలు డబ్బా ఉంది. మూత తీసి చూసింది. ఖాళీ. శుభ్రంగా తోమి, తుడిచి, ఆరబెట్టి మరీ పెట్టిన ఖాళీ. భ్రమరాంబకు చెంప మీద కొట్టినట్టయింది. తిట్టినా ఇంత బాధపడేది కాదు.

రాత్రి భోజనాలకు కూతురు సాహిత్య కూడా ఉంది. క్లేటన్‌లో యూనివర్సిటీకి దగ్గరగా రూము తీసుకుని ఉంటుంది, శనివారాలు ఇంటికొస్తుంది. భ్రమరాంబ దిగులుగానే దొండకాయ వేపుడు వడ్డించి, గరిట పట్టుకుని మొగుడి పక్కన నిలబడింది.

“ఎలా ఉందండీ?”

“బాగుంది.”

“ఇంకాస్త వెయ్యనా?”

“వద్దొద్దు, చాలు.”

భ్రమరాంబ గరిట ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకు తెలిసిన సత్యం ఒకటుంది. ఈ మనిషి ఏ కూరనైనా బాగుందనే అంటాడు. నిజంగా బాగుంటే మారు అడుగుతాడు. 

“నిజం చెప్పండి. ఉప్పెక్కువైందా?”

“కాస్తంత... ఎక్కువే.”

“మరి బాగుందన్నారూ?”

“గరిట పట్టుకుని నెత్తి మీద నిలబడితే ఇంకేమంటానే!”

సాహిత్య ఫకాలున నవ్వింది. “మమ్, దట్స్ లిటరల్లీ యువర్ ఫోన్ కాల్స్!”

భ్రమరాంబ అలాగే కుర్చీలో కూలబడింది. పదికి పది ఇచ్చారు. మారు మాత్రం ఒక్కరూ అడగలేదు. అంటే క్లినిక్కులో ఎక్కడో ఉప్పు కషాయమైంది! ఇన్నాళ్ళూ తను గర్వంగా పోగేసిన పదులన్నీ ఉత్త మొహమాటపు పదులన్నమాట.

సోమవారం పొద్దున ఆవిడ పరిశోధన మొదలైంది. అనుమానం ముందు డాక్టర్ మీదకే పోయింది. తానే ఎక్కి పళ్ళ కుర్చీలో పడుకుని చూసింది, మెత్తగానే ఉంది. పైనున్న లైటు కళ్ళలో కొట్టడంలేదు. గ్లవ్‌సు తీసి వాసన చూసింది. మందుల గది, బాత్రూము, సీలింగుకు అంటించిన చేపల బొమ్మలు, అన్నీ తనిఖీ అయ్యాయి. 

“డాక్టరూ, పిల్లలతో ఉన్నప్పుడు కాస్త నవ్వుతూ ఉండమ్మా.”

“నేను మాస్కు లోపల నవ్వుతూనే ఉన్నాను, బ్రామ్” అంది లిన్ అయోమయంగా.

ఎక్కడా తప్పు దొరకలేదు. సెలవులేమో అయిపోవస్తున్నాయి. ఇక మరీసోల్‌నే అడగాలి. కానీ మొహమాటపడే మనిషి నోట నిజం ఎలా వస్తుంది? ముందు తన మొహమాటం వదిలేస్తే తప్ప రాదు. భ్రమరాంబ ఆ సాయంత్రం డబ్బా కూడా పట్టుకోకుండా పక్కింటికి వెళ్ళింది. ఉత్తి చేతులతో ఒకరి గుమ్మం ఎక్కడం ఆవిడకు అదే మొదలు.

మరీసోల్ తలుపు తీసింది. నవ్వింది, ఆ క్లినిక్కు నవ్వే. వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

“మరీసోల్, ఒక నిజం చెప్తాను, ఏమీ అనుకోకు. నీ అరేపాలు నాకు నచ్చవు. మొదటి రోజు కొరికిన ముక్క తప్ప నేను తినలేదు. అన్నీ పిట్టలకు వేశాను.”

మరీసోల్ కాఫీ కప్పు కింద పెట్టింది. “పిట్టలకా?”

“మాగ్‌పైలకి.”

“అదా సంగతి! నేను గింజలు కొని పోస్తే కూడా నా పెరట్లోకి రావడం మానేశాయి!” అని మరీసోల్ నవ్వడం మొదలెట్టింది. ఈసారిది వేరే నవ్వు, కడుపు పట్టుకుని నవ్వే నవ్వు. లేచి వెళ్ళి అలమర తలుపు తీసింది. లోపల సీసాలు వరసగా ఉన్నాయి. అన్నింట్లోనూ గోంగూర. “మొదటిసారి తిన్నప్పుడు నాకు కన్నీళ్ళు ఆగలేదు. అమ్మ ఏడుస్తోందని మటేయో వాళ్ళ నాన్నకు ఫోన్ చేశాడు. ఆయన పని వదిలేసి బయల్దేరబోయాడు.”

ఇద్దరూ బల్ల మీద తలలు వాల్చి నవ్వారు. నవ్వు కాస్త సద్దుమణిగాక భ్రమరాంబ సర్దుకుని కూర్చుంది.

“ఇప్పుడు నువ్వు చెప్పు. క్లినిక్కులో నీకు ఏది నచ్చలేదు? డాక్టరా?”

“డాక్టరు బంగారం.”

“కుర్చీయా? దూరమా? ఎక్కువసేపు కూర్చోబెట్టారా?”

“కాదు.”

“మరి ఏంటమ్మా?”

మరీసోల్ కప్పులోకి చూసింది, కిటికీలోంచి చూసింది, చివరికి భ్రమరాంబ మొహంలోకి చూసింది.

“నువ్వు.”

భ్రమరాంబ వెనక్కి తిరిగి చూసింది, వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

“నేను దేశం వదిలి వచ్చాను” అంది మరీసోల్. “అక్కడ టీచర్ని. ఇక్కడ చీపురు పట్టుకున్నాను, ఫర్వాలేదు. నా ఇంగ్లీషుకి అందరూ నవ్వుతారు, ఫర్వాలేదు. తల్లిగా మాత్రం నేను బాగానే చేస్తున్నాననుకున్నాను. నేను పనికి పోయాక వాడు ఏం తింటున్నాడో చూసే దిక్కు లేక కుమిలిపోతుంటే, నువ్వు అంతమంది ముందు అది కూడా నాకు చేతకాదని చెప్పావు. ఆ హాల్లోకి మళ్ళీ ఎలా రాను? నువ్వే ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, నీ సంగతి నీకే ఎలా చెప్పను?”

ఈసారి భ్రమరాంబ మనసు ముందొచ్చింది, నోరు వెనకాల వచ్చింది. అది జరగడం కూడా అదే మొదలు.

“నిన్ను సొంతమనిషి అనుకున్నానమ్మా... అందుకే...” అంది చివరికి.

“సొంతమనిషయితే ఇంట్లో తిట్టు, బ్రామ్. వంటింట్లో కూర్చోబెట్టి ఎంతైనా తిట్టు. అందరి ముందూ వద్దు.”

భ్రమరాంబ కళ్ళు నిండిపోయాయి. సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జ్యూసు డబ్బాలు లాక్కున్న పిల్లలూ, నవ్వి వెళ్ళిపోయిన తల్లులూ అందరూ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చారు. ఆ రానివాళ్ళందరినీ గుమ్మం ఎక్కకుండా చేసింది తనే! “తప్పైపోయింది మరీసోల్, తప్పైపోయింది” అంటూ రెండు చెంపలూ వాయించుకోవడం మొదలుపెట్టింది. చెంపలేసుకోవడం అంటే ఏమిటో కొలంబియావాళ్ళకేం తెలుసు పాపం! మరీసోల్ హడలిపోయి “వద్దు, వద్దు, కొట్టుకోకు!” అని రెండు చేతులూ పట్టేసుకుంది. ఆ గోలకి మటేయో పరిగెత్తుకొచ్చి, మళ్ళీ నాన్నకు ఫోన్ చెయ్యాలా అని అడిగాడు.

మర్నాడు భ్రమరాంబ డాక్టర్ లిన్‌కి దాచకుండా అంతా చెప్పేసింది. ఆ ఫోన్లు చేసే పని వేరే అమ్మాయికి ఇవ్వమంది. బల్ల దగ్గర కూర్చునే మనిషి ఎలా ఉందని ముందు అడగమను, తర్వాతే మిగతావి అంది. లిన్ మాస్కు కిందికి లాగి నిజంగానే నవ్వింది.

సెలవుల ఆఖరి వారంలో మటేయో వచ్చాడు. భ్రమరాంబ అప్పటికే తగిన ఏర్పాటు చేసుకుంది. బుగ్గలో ఒక లవంగం పెట్టుకుని కూర్చుంది, నోరు తెరవాలనిపించినప్పుడల్లా దాన్ని కొరకడమే. మటేయో చేతిలో లాలీపాప్ ఉంది. లవంగం కొరికింది. పక్కన ఇంకో తల్లి పాలసీసాలో కోలా పోసి చంటిదానికి పడుతోంది. ఇంకో లవంగం వేసుకుంది. సాయంత్రానికి నోరంతా మండి, నాలిక తిమ్మిరెక్కింది. ఉద్యోగం ఇంత కష్టమని ఆవిడకు ఎప్పుడూ తెలియదు. కానీ మటేయో పన్ను దక్కింది. వాడు బయటికొచ్చి నోరు ఇంతెత్తున తెరిచి చూపించాడు. భ్రమరాంబ లవంగం ఊసేసి, వాడి తల నిమిరి, వాళ్ళమ్మ వైపు తిరిగి ఒక్క మాటే అంది.

“మంచి పని చేశావు, తీసుకొచ్చావు.”

మరీసోల్ మాత్రం ఫోన్ వేరే అమ్మాయి చేస్తే ఒప్పుకోలేదు. బ్రామ్ అడిగితేనే మార్కులు చెప్తానంది. భ్రమరాంబ ఫోన్ చేసింది.

“పదికి ఎన్ని వేస్తావు మరీసోల్?” అని అడిగి, జీవితంలో మొదటిసారి ఆగింది.

“ఎనిమిది.”

“మిగతా రెండూ?”

“నువ్వు నోరు మూసుకున్నావు, సరే. కానీ ఆ లాలీపాప్‌ని నువ్వు చూసిన చూపుంది చూడు, దానికి రెండు కట్.”

భ్రమరాంబ ఆ ఎనిమిదిని ఇంటికి మోసుకొచ్చింది. “ఏవండీ, ఎనిమిది! నిఖార్సైన ఎనిమిది!” అని మొగుడికి చెప్పింది, సాహిత్యకు ఫోన్ చేసి చెప్పింది, బజార్లో కనిపించిన సృజనను ఆపి మరీ చెప్పింది. ఎనిమిదికే ఇంత సంబరమేంటో వాళ్ళకు అర్థం కాలేదు.

ఆ ఆదివారం మరీసోల్ వచ్చి స్టీలు డబ్బా తీసుకెళ్ళి, మధ్యాహ్నానికి ఫెన్సు మీంచి అందించింది. మళ్ళీ అరేపాలే. భ్రమరాంబ నిట్టూర్చి ఒకటి చేతిలోకి తీసుకుంది. అది మధ్యకు చీల్చి ఉంది. లోపల వెన్న, వెన్న మీద ఎర్రగా, పల్చగా పూసిన గోంగూర. కొరికింది. మళ్ళీ కొరికింది. ఫెన్సు మీద మాగ్‌పై మెడ వంచి ఎదురుచూస్తూ కూర్చుంది. దానికి ఒక్క తునకైనా పడలేదు.

డబ్బా అడుగు కనిపించగానే భ్రమరాంబ చెయ్యి కడుక్కుంది. డబ్బాలో ఏమీ పెట్టలేదు. ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని పక్కింటి తలుపు కొట్టింది.

“మరీసోల్, ఇంకో రెండున్నాయా?”